కాపరి కాలు

గురువారం పొద్దున అంకమ్మ టీ బడ్డీ దగ్గర నా కూతురికి కొత్త పేరు పెట్టారు. బ్రేకులమ్మ.

పెట్టినవాడు పూర్ణచంద్రరావు. విజయవాడ ఆటోనగర్ మూడో రోడ్డులో వాడికి బేరింగుల కొట్టు ఉంది. ఏడాది కింద తురగ కంపెనీ కారు కొన్నాడు. కొన్న రోజు నుంచీ ఆ కంపెనీ రేసు టీము కూడా తన సొత్తే అన్నట్టు మాట్లాడతాడు. ఆ టీముకు కారు నడిపేది నా కూతురు సైదాబీ. నేను బల్ల చివర కూర్చుని టీ తాగుతున్నాను. నేను ఉన్నానని వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

"పదకొండు రేసులురా లాజరూ. సున్నా పాయింట్లు. మొన్న ఆదివారం చూశావు గదా? ఏడో మలుపు దాటాక తిన్నటి రోడ్డు. ముందు ఎవడూ లేడు, వెనక ఎవడూ లేడు. అక్కడ బ్రేకు తొక్కింది! ఏం, గేదె అడ్డమొచ్చిందా?"

లాజరు లారీలకు బాడీలు కడతాడు. వెల్డింగు చేసీ చేసీ వాడి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. తురగ టీము బొమ్మ ఉన్న టోపీ పెట్టుకోకుండా బయటికి రాడు.

"కార్లో ఏదో ఉండుంటది" అన్నాడు లాజరు.

"తురగలో లోపమా? నేను నడిపేది తురగే. నా కాలు ఇంకా లేవనన్నా లేవదు, అందులో కాపరి అని ఉంది చూడు, అదే టక్కున బ్రేకు వేసి ఆపేస్తది. అంత కారు చేసినోళ్ళకి రేసు కారు చెయ్యడం చేతకాదంటావా?"

"చేతకాక కాదు. బుర్ర ఉన్నోళ్ళందర్నీ తీసుకెళ్ళి నీ కార్ల మీద కూర్చోబెట్టారు. టీముకి మిగిలింది తుక్కు."

"మా కార్లు అమ్ముడుపోబట్టే మీ టీముకి పెట్రోలు దొరుకుతోంది."

"టీము పేరు చెప్పుకునే నీకు కారు అంటగట్టారురా పిచ్చోడా. షోరూము గోడ మీద ఎవరి బొమ్మ ఉంది? సైదా బొమ్మ కాదూ?"

"ఆ బొమ్మ పీకేస్తే ఇంకో పదివేలు ఎక్కువ అమ్ముతారు" అని పూర్ణచంద్రరావు నా వైపు తిరిగాడు. "ఏం మేస్త్రీ, నువ్వన్నా చెప్పు. అమ్మాయికి భయమైతే ఇంటో కూర్చోమను. తప్పేం లేదు."

అంకమ్మ గరిటె పట్టుకుని "ఒరేయ్, పెద్దాయన ముందు ఏం మాటలు" అంది.

నేను గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. నాకు మాట రాదు. కోపం వస్తే అసలే రాదు. టీ డబ్బులు అంకమ్మ చేతిలో పెట్టి ఇంటికి నడిచాను.

ఇంట్లో సైదా ఇడ్లీ తింటోంది. ఇరవై రెండేళ్ళు. రేసు, ట్రయలు లేని రోజుల్లో ఇంట్లోనే ఉంటుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మా ఆవిడ ఖాసింబీ నాకూ ప్లేటు పెట్టింది.

బల్ల కింద టప్‌మని చప్పుడైంది. సైదా కుడికాలు నేలను తొక్కింది. బ్రేకు తొక్కినట్టే తొక్కింది, మడమ ఆనించి, వేళ్ళతో. చేతిలో గ్లాసు ఒలికింది.

"మళ్ళీ వచ్చిందా?" అంది ఖాసింబీ.

"ఏం లేదులే అమ్మా. నరం లాగింది."

నేను నా మెకానిక్కు కొట్టుకు బయలుదేరేది ఎనిమిదింబావుకి. గడియారం చూశాను. ఎనిమిదీ పన్నెండు.

ఏడాదిగా ఇదే. ముందు రోజుకు నాలుగైదు సార్లు మా కంటపడేది. ఇప్పుడు కూర్చుంటే వస్తుంది, నిలబడితే వస్తుంది, పడుకుంటే వస్తుంది. కంపెనీ డాక్టరు అలసట అన్నాడు, పాలు తాగమన్నాడు. గుంటూరులో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన గుండుసూదితో పాదమంతా గుచ్చి చూశాడు. సగం చోట్ల సైదాకి తెలియలేదు. "ఈ కాలు ఎవరో విరామం లేకుండా వాడేసినట్టుందమ్మా. ఇట్లాగే ఉంటే ఆరు నెలలకు నీ మాట వినదు" అన్నాడు. మెడ వెనక చర్మం కింద బియ్యపుగింజంత ముక్క ఉందేమిటని అడిగాడు. కంపెనీ వాళ్ళు ఐదేళ్ళ కింద పెట్టారని చెప్పింది. రేసులో గుండె, ఒంటి వేడి చూసుకోవడానికట.

ఆ కాలు పోతే నా కూతురికి ఇంకేమీ లేదు. అది చదువు మానేసింది రేసు కోసం. పెళ్ళి వద్దంది దానికోసం.

శుక్రవారం పొద్దున బడ్డీ దగ్గర పూర్ణచంద్రరావు ఫోను పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు. నా ముందుకూ తెచ్చాడు.

"చూడు మేస్త్రీ. నిన్న పొద్దున, కానూరు దగ్గర. నా కారు కెమెరాలో పడింది."

చూశాను. రోడ్డు పక్కన స్కూలు ఆటో ఆగి ఉంది. దాని చాటు నుంచి నీళ్ళ సీసా మెడలో వేసుకున్న పిల్ల ఒక్క దూకు దూకి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తింది. కారు ముక్కు నేలకు వంగి ఆగింది. పిల్లకూ బంపరుకూ మధ్య జానెడు.

"నా కాలు బ్రేకు మీద లేనేలేదు" అన్నాడు పూర్ణచంద్రరావు. "కాపరి లేకపోతే నేనివ్వాళ జైల్లో ఉండేవాణ్ణి. ఆ పిల్ల... వద్దులే. అదీ తురగ అంటే. నీ కూతురు దాని పరువు తీస్తోంది."

నేను వాడి మాట వినడం లేదు. బొమ్మ మూలన టైము ఉంది. ఎనిమిదీ పన్నెండు.

నేను మూడో తరగతి దాకా చదివాను. కానీ నలభై ఆరేళ్ళు ఇంజన్లు విప్పాను. బండిలో రెండు చోట్ల చప్పుడు ఒకే లెక్కలో వస్తోందంటే, ఆ రెండు చోట్లనూ ఒకటే షాఫ్టు తిప్పుతోందని అర్థం. ఎక్కడో మధ్యలో ఉంటుంది, మూత వేసి ఉంటుంది. మూత విప్పేముందు చప్పుడు ఖాయం చేసుకోవాలి.

లాజరును పక్కకు పిలిచాను. ఏం చెయ్యాలో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. వాడు అడగలేదు. మా ఆటోనగర్‌లో అడగరు.

శనివారం ఎనిమిదింటికి లాజరు నాలుగు పాత టైర్లు దొర్లించుకుంటూ మూడో రోడ్డు మొగలో నిలబడ్డాడు. నేను ఇంట్లో సైదాకు ఎదురుగా కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. లాజరు జేబులో ఆన్ చేసి పెట్టుకున్న ఫోనులోంచి అవతలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఏందిరా టైర్లు?" పూర్ణచంద్రరావు గొంతు.

"నీ కాపరి గొప్పదంటివి గదా. నేను టైరు అడ్డమేస్తా. నువ్వు కాలు బ్రేకు మీద పెట్టకుండా నడుపు చూద్దాం."

"ఓస్, ఇంతేనా! కాలు సీటు మీద మడిచి కూర్చుంటా. దొర్లించుకో!"

అంత పొగరు. అభిమానం అంటే వాళ్ళకి అదే.

కారు కదిలిన చప్పుడు. "ఒకటి!" అని లాజరు అరిచాడు. బల్ల కింద సైదా కాలు టప్‌మంది.

"అబ్బా" అంది సైదా. పాదం ఒత్తుకుంది.

అవతల పూర్ణచంద్రరావు ఈల వేస్తున్నాడు. "చూశావా! చూశావా!" కారు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు టైర్లు, ఒకదాని వెనక ఒకటి. సైదా కాలు రెండుసార్లు పడింది. మూడోసారి మూడు. కాలు మూడుసార్లు పడింది. మధ్యలో ఇంకొకటి కూడా పడింది. అది మా లెక్కలోది కాదు. అది ఏ ఊళ్ళోనో, ఎవడి కారుదో.

సైదా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాన్నా, ఇవ్వాళ ఆగట్లేదు" అంది.

మూడో విడత అయ్యేసరికి నాకు తెలిసిపోయింది. చెబుదామని నోరు తెరిచాను. అది వంగి బూటు తాళ్ళు కట్టుకుంటోంది. మధ్యాహ్నం ట్రయలు ఉంది. కొండపల్లి కొండల వెనక సర్క్యూటుకు వెళ్ళాలి. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. బండి బాగుచేసి తాళం చేతికివ్వడమే గానీ, ఏం పోయిందో వివరించడం నాకు ఏనాడూ అలవాటు లేదు. నోరు మూసుకున్నాను.

ఆదివారం రేసు. డ్రైవరు తండ్రినని నాకు మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. జేబులో పంతొమ్మిది నంబరు పానా పెట్టుకుని వెళ్ళాను.

రేసు మొదలయ్యాక టీము షెడ్డులో మనుషులు ఉండరు. అందరూ బయట గోడ దగ్గర ఉంటారు. లోపల గదిలో వసుంధర ఒక్కతే ఉంది. కాపరి తయారు చేసిన ఇంజనీరు. నలభై దాటి ఉంటాయి. ఆమె ముందు మూడు తెరలు. గది మధ్యలో సగం బీరువాంత ఇనప పెట్టె, నేలకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. టీము ఎక్కడికి వెళ్తే ఆ పెట్టె అక్కడికి వస్తుందని నేను చాలాసార్లు చూశాను. ఏమిటని అడగలేదు.

"రండి సిలార్ గారూ. కూర్చోండి" అంది.

"నా కూతురి మెడలో ముక్క ఎవరితో మాట్లాడుతోందమ్మా?"

ఆమె కుర్చీ తిప్పింది. నా ముఖం చూసింది. అబద్ధం ఆడటానికి నోరు తెరిచి మానేసింది.

"కార్లతో" అంది. "రోడ్డు మీద కార్లతో. ఈ పెట్టె గుండా."

"ఎన్ని?"

"నలభై ఒక్క వేలు." తెర వైపు చూస్తూ చెప్పింది. "యంత్రానికి చూడడం వచ్చు, లెక్క కట్టడం వచ్చు. భయపడటం రాదు. భయపడాలంటే ఒళ్ళుండాలి. రోడ్డు పక్కనున్న పిల్ల దూకుతుందా దూకదా అని లెక్క కట్టేలోపు కారు మీదికి వెళ్ళిపోతుంది. సైదా కాలికి ఆ లెక్క అక్కర్లేదు. అందుకని, తేల్చుకోలేనప్పుడు కారు ఆమెను అడుగుతుంది. ఆమె నరం జవాబిస్తుంది. రెప్పపాటులో నాలుగో వంతు పట్టదు."

"రోజుకి ఎన్నిసార్లు అడుగుతాయి?"

"మొదట్లో ముప్పై. ఇప్పుడు... ఎనిమిది వందలు."

"నిద్రలో కూడా?"

ఆమె తల దించుకుంది.

"దానికి తెలుసా?"

"తెలిస్తే పనిచెయ్యదు సిలార్ గారూ. తెలిసిన కాలు ఆలోచిస్తుంది. ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది."

బయట కార్లు ఒక్కుమ్మడిగా తిన్నటి రోడ్డు మీదికి వచ్చాయి. తెర మీద సైదా కారు కనపడింది. పదహారో స్థానం. ముందున్నవాణ్ణి దాటబోతోంది. పక్క తెర మీద ఎర్ర గీత ఒకటి లేచింది. అదే క్షణంలో సైదా కారు ముక్కు వంగింది. వెనక వాడు రాసుకుంటూ దాటిపోయాడు. స్టాండుల్లోంచి ఊళలు. బ్రేకులమ్మా, బ్రేకులమ్మా అని. ఆ పేరు పట్నం దాటి ఇక్కడికి వచ్చేసింది.

"అది ఎవడి కారు?" అన్నాను ఎర్ర గీతను చూపించి.

వసుంధర చదివింది. "తణుకు. మోటారు సైకిలు అడ్డం వచ్చింది. ముగ్గురు బతికారు."

"ఈ టీము ఎందుకు గెలవట్లేదని ఏడాదిగా జనం కొట్టుకు చస్తున్నారు. మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి పాలు తాగమన్నారు."

అప్పుడు ఆమెకు కూడా కోపం వచ్చింది. బల్ల సొరుగు లాగి ఒక కట్ట తీసింది. పంతొమ్మిది కాగితాలు. ఆఖరి కాగితం నా ముందు పెట్టింది. "ఆమెకు అప్పుడు పదిహేడేళ్ళు. సంతకం మీరు చేశారు."

నా సంతకమే. సిలారు అని మూడక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా.

గుర్తొచ్చింది. మా ఆటోనగర్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ మెకానిక్కుకైనా పని అడ్డం పడితే, పక్క కొట్టుకు వచ్చి ఒక చెయ్యి కావాలంటాడు. అంతే. పిలిచినవాడి వెంట చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోవాలి. ఏం పని అని అడగకూడదు. అడిగితే, నీ మీద నాకు నమ్మకం లేదని మొహాన అన్నట్టు. నేను నలభై ఆరేళ్ళలో ఒక్కణ్ణీ అడగలేదు. ఐదేళ్ళ కింద ఈ వసుంధర నా కొట్టుకు వచ్చింది. నూనె మరకల స్టూలు మీద సంకోచం లేకుండా కూర్చుంది. టీ తాగింది. "సిలార్ గారూ, మీ అమ్మాయి చెయ్యి ఒకటి కావాలి మాకు" అంది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో. నేను పొంగిపోయాను. పెద్ద కంపెనీ, మా పద్ధతిలో వచ్చి అడిగింది. చేతులు తుడుచుకుని పంతొమ్మిది చోట్ల పేరు రాశాను. ఏం పని అని అడగలేదు.

మా పద్ధతిలో పిలిచినవాడు సాయంత్రానికి చెయ్యి వెనక్కి పంపిస్తాడు.

"దీన్ని ఆపు" అన్నాను.

"నా చేతిలో లేదు. స్విచ్చు హైదరాబాదులో ఉంది. వాళ్ళు ఆపరు."

"స్విచ్చు హైదరాబాదులో ఉంటే ఉండనీ. తీగ ఇక్కడుంది కదా." పెట్టె అడుగున బొటనవేలంత లావు తీగ నేలలోంచి వచ్చి కలుస్తోంది. పెట్టె లేపితే గానీ అందదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పానా తీశాను.

"ఏం చేస్తున్నారు! మీరు అది పీకితే ఈ గంటలోనే మనుషులు పోతారు. కారు ఆపుతుందని నమ్మి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నారు జనం!"

అది నిజం. ఒకణ్ణి నేనే నిన్న కూర్చోబెట్టాను.

"అయితే వాళ్ళకి చెప్పు" అన్నాను. "కాపరి ఆగిపోతోంది, బండి పక్కకు తీసి ఆపుకోమని చెప్పు. ప్రతి కారులో తెర ఉంది కదా. నేను నాలుగు బోల్టులు విప్పేలోపు చెప్పు."

"చెప్తే కంపెనీ ఉండదు. నేనుండను."

మొదటి బోల్టుకు పానా తగిలించి ఒంటి బరువంతా వేశాను. కీచుమని కదిలింది. విప్పి నేల మీద పెట్టాను.

"గార్డును పిలుస్తాను."

"పిలువు."

పిలవలేదు. రెండోది తుప్పు పట్టి ఉంది. చాలాసేపు పట్టింది. తెర మీద ఎర్ర గీతలు లేస్తూనే ఉన్నాయి. ఒక్కో గీతకు బయట ఇంజను గొంతు ఒక్క క్షణం తెగుతోంది. నా కూతురి ఇంజను నాకు చెవికి తెలుసు.

మూడో బోల్టు మీద నా చెయ్యి ఆగింది. నీళ్ళ సీసా మెడలో వేసుకున్న పిల్ల కళ్ళ ముందుకు వచ్చింది. ఆ పిల్లకూ ఒక తండ్రి ఉంటాడు. వాడెవడో నాకు తెలియదు. సైదా కాలు పడకపోతే వాడి ఇంట్లో ఇప్పుడు ఏడుపు. పానా పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. నిజం చెప్తున్నా, వదిలేసి లేచి వచ్చేద్దామనిపించింది.

వసుంధర నన్నే చూస్తోంది. "చూశారా. మీకూ చేతులు రావట్లేదు. నాకు ఐదేళ్ళుగా రోజూ ఇదే" అంది.

"ఐదేళ్ళు" అన్నాను. "ఒక్క ఆడపిల్ల కాలు నలభై ఒక్క వేలమంది కింద పెట్టి, దాన్నే జనం చేత తిట్టిస్తూ, ఐదేళ్ళు కుర్చీలో కూర్చుని చూశావు. వాళ్ళ ప్రాణాల మీద అంత ప్రేముంటే నీ మెడలో పెట్టుకోవాల్సింది ఆ ముక్క."

నా జీవితంలో ఒక్కసారిగా అంత పొడుగు మాట నేను అనలేదు. మూడో బోల్టు తిప్పేశాను.

ఆమె చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. కదలట్లేదు. తెర మీద ఇంకో ఎర్ర గీత లేచింది. సైదా కారు గడ్డిలోకి జారి మళ్ళీ రోడ్డెక్కింది. స్టాండులు నవ్వాయి. ఆ నవ్వు గోడ దాటి లోపలికి వినపడింది. వసుంధర పళ్ళు కొరుక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

మూడో తెర మీది మ్యాపులో కార్ల ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పసుపు అవుతున్నాయి. పక్కకు ఆగిన కార్లు. విజయవాడ, ఏలూరు, ఒంగోలు, ఇంకా ఎక్కడెక్కడో. ఆమె ఆరు నిమిషాలు చూసింది. "ఇంకో రెండు వేల మంది ఆగట్లేదు."

"ఆగమన్నా ఆగనోళ్ళు వాళ్ళు. వాళ్ళ కోసం నా కూతురు కాలు ఇవ్వలేదు."

నాలుగో బోల్టు చేత్తో తిరిగేంత వదులు చేసి ఆగాను. తీగ లాగేటప్పుడు అది మలుపులో ఉండకూడదు. చెవి పెట్టి విన్నాను. మలుపులో గేరు తగ్గింది. ఇంకొకటి తగ్గింది. తర్వాత గొంతు సాగింది, సాగి సాగి తిన్నటి రోడ్డంతా నిండింది. అప్పుడు పెట్టె భుజంతో ఎత్తి తీగ లాగేశాను.

ఎర్ర గీతలున్న తెర ఖాళీ అయింది.

బయట ఇంజను గొంతు తెగలేదు. తర్వాతి మలుపు దాకా ఒకే పట్టున వెళ్ళింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. పదహారు నుంచి పదిహేను. పదమూడు. స్టాండులు ఊళలు ఆపాయి. వసుంధర నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆఖరి చుట్టుకు సైదా తొమ్మిదో స్థానంలో గీత దాటింది. రెండు పాయింట్లు. ఆ రోజు అందరికన్నా వేగంగా తిరిగిన చుట్టు కూడా దానిదేనని మైకులో చెప్పారు.

నా ఫోను మోగింది. లాజరు. గొంతు ఉప్పొంగిపోతోంది.

"మేస్త్రీ! పాయింట్లు! చూశావా? ఇదిగో, ఈ పూర్ణగాడు నా పక్కనే ఉన్నాడు. గొల్లపూడి దగ్గర వీడి కారు ఏదో మెసేజి వచ్చి ఆగిపోయిందంట, ఆటో ఎక్కి వచ్చి నా మీద ఎగురుతన్నాడు."

ఫోను చేతులు మారిన చప్పుడు. "మేస్త్రీ, మీ టీమేదో చేసింది! రేసు గెలవడానికి మా కార్లు చంపేశారు! కాపరి లేకుండా నేనెట్టా ఇంటికి పోవాలి? పెళ్ళాం పిల్లలున్నోణ్ణి!"

"బ్రేకు నీ కాలి కిందే ఉంది" అన్నాను. "తొక్కు."

పెట్టేశాను. ఆ రోజు ఎవరూ పోలేదు. తర్వాత పోయారు. అన్ని కంపెనీల కార్ల కింద పోయినట్టే, తురగ కార్ల కింద కూడా. ఒక్కో వార్త వచ్చినప్పుడు ఆ ఊరి పేరు మళ్ళీ అడిగి తెలుసుకుంటాను.

సైదా షెడ్డులోకి వచ్చింది. హెల్మెట్టు చంకలో ఉంది. ముఖం వెలిగిపోతోంది. కుడి పాదం నేల మీద మెల్లగా ఆనించి చూసుకుంటోంది. "నాన్నా, కాలు నాదైంది! సగం రేసులో ఏమైందో ఏమో, కాలు మొత్తం..." అంటూ ఆగింది. విప్పిన బోల్టులు చూసింది. పక్కకు వాలిన పెట్టె చూసింది. నా చేతిలో పానా చూసింది.

వసుంధరే చెప్పింది. అంతా చెప్పింది. నలభై ఒక్క వేలు, ఎనిమిది వందలు, తణుకు, కానూరు, పంతొమ్మిది కాగితాలు. తీగ ఎప్పుడు లాగాలో నేను చెవితో కనిపెట్టిన సంగతి కూడా చెప్పింది, మెచ్చుకుంటున్నట్టు.

సైదా వసుంధర వైపు తిరిగింది. "మీతో తర్వాత" అంది. గొంతు లేవలేదు. అట్లా లేవకపోతేనే నాకు భయం. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున. లాజరు చేత పూర్ణచంద్రరావు కారు ముందు టైర్లు దొర్లించి చూశాను."

"నిన్న పొద్దున. నేను నీ ఎదురుగా కూర్చుని తింటున్నాను. టైర్లు దొర్లించి నా కాలితో ఆట ఆడి, తెలుసుకున్నావు. తెలుసుకుని ఊరుకున్నావు."

"చెబుదామనే..."

"కానూరులో ఆ పిల్లకి బ్రేకు వేసింది నా కాలు. పిల్లల్ని బతికించాలో వద్దో, రోజుకి ఎనిమిది వందలు కాకపోతే ఎనభై సార్లు ఇస్తానంటానో, ఇయ్యనంటానో, అది ఎవరు చెప్పాలి? వీళ్ళు నన్ను అడగలేదు. సంతకం పెట్టేటప్పుడు నువ్వు అడగలేదు. సరే, అప్పుడు నీకు తెలియదు. ఇవ్వాళ తెలుసు కదా? ఇవ్వాళ కూడా అడగలేదు."

"నీ కాలు పోతోందని..."

"నా కాలే! నేను రెండువందల యాభై మీద వెళ్తుంటే, నా ఒంట్లోంచి తీగ లాగావు నాన్నా. ఏమవుతుందో నీకు తెలుసా? నాకు చెప్పి లాగాలని ఒక్కసారన్నా తోచిందా? వీళ్ళకీ నీకూ తేడా ఏముంది?"

నేను పానాను బోల్టుల పక్కన పెట్టాను.

సైదా హెల్మెట్టు నా ఎదురుగా బల్ల మీద గట్టిగా పెట్టింది. హెల్మెట్టు లోపల చెవి దగ్గర చిన్న స్పీకరు ఉంది. ఒక వేలితో దాన్ని, రెండో చేత్తో పెట్టె వైపు చూపించింది.

"అక్కడి నుంచి మాట్లాడితే నాకు ఇక్కడ వినపడతది. రేసు జరుగుతున్నా సరే. సైదా, ఇదీ సంగతి, ఏం చేద్దామే అని ఒక్క మాట అంటే చాలు."

అది చూపించిన వైపు చూశాను. పెట్టెను ఆనుకున్న పొట్టి బల్ల మీద మైకు ఉంది, నల్లది, ఎర్ర మీటతో. నేను మూడో బోల్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అంతసేపు ఆగినప్పుడు, అది నా మోచేతికి తగులుతూనే ఉంది.